భుజం ఎముకకు రక్తం అందనప్పుడు

దండచేతి ఎముక పైకొసన ఉండే గుండ్రటి తలకు రక్తం సరిగా అందక, అందులోని ఎముక కణాలు చనిపోయే జబ్బు ఒకటుంది. వైద్యులు దాన్ని ఎవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు, క్లుప్తంగా ఏవీఎన్. ఇలా ఎముక చచ్చిపోయే జబ్బు ఎక్కువగా పట్టేది తుంటిని. రెండో స్థానం భుజానిది. తుంటి ఏవీఎన్ గురించి కొవిడ్ తర్వాత జనానికి కొంత తెలిసింది. భుజం సంగతి మాత్రం ఇప్పటికీ ఆలస్యంగానే తలపుకు వస్తోంది. భుజం నొప్పి అనగానే నరం పట్టిందనో, గుజ్జు అరిగిందనో, షుగర్ వల్ల భుజం బిగుసుకుపోయిందనో అనుకోవడం మామూలు. చాలామంది విషయంలో అది నిజమే. అయితే ఆ నొప్పుల మధ్యే అప్పుడప్పుడూ ఏవీఎన్ కూడా ఉంటుంది. ఎక్స్‌రే బాగుందని మందుబిళ్లలిచ్చి పంపేస్తే, ఆ మనిషి మళ్లీ వచ్చేసరికి ఎముక తల కుంగిపోయి ఉంటుంది.

రెక్క ఎముక అంచున లోతు తక్కువగా ఉండే గుంటలో దండచేతి ఎముక తల ఆని తిరుగుతుంది. ఆ గుంట తలలో మూడో వంతును మించి కప్పదు, అందుకే చెయ్యి అన్ని వైపులకూ అంత సులువుగా తిరుగుతుంది. ఈ తలకు రక్తం తెచ్చేవి రెండు ధమనులు. చంకలోని పెద్ద ధమని నుంచి చీలి, ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి ఎముక మెడను చుట్టి వస్తాయి. ముందు ధమని నుంచి పైకి పాకే సన్నని కొమ్మే తలకు ప్రధాన ఆధారమని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 2010లో అమెరికాలో జరిగిన పరిశోధన ఆ లెక్కను మార్చింది: తలకు చేరే రక్తంలో సుమారు 64 శాతం వెనక ధమని నుంచే వస్తోందని తేల్చింది. భుజం విరిగినప్పుడు ముందు ధమని తెగిపోయినా కొందరిలో తల బతికే ఉండటం ఎందుకో దీంతో అర్థమైంది.

రక్తం ఆగిపోతే మూలుగలోని రక్తకణాలు 6 నుంచి 12 గంటల్లో, ఎముక కణాలు 12 నుంచి 48 గంటల్లో, మూలుగలోని కొవ్వు కణాలు 2 నుంచి 5 రోజుల్లో చనిపోతాయి. ఇంత జరిగినా అప్పటికప్పుడు ఎముక విరగదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. కణాలు పోయినా వాటి చుట్టూ ఉన్న గట్టి చట్రం అలాగే నిలిచి బరువు మోస్తుంది. పైన పరుచుకున్న మృదులాస్థి కీలులోని ద్రవం నుంచి ఆహారం తీసుకుంటుంది కాబట్టి అదీ బతికే ఉంటుంది. అసలు ప్రమాదం శరీరం ఆ చోటును బాగుచేసుకోవడం మొదలుపెట్టాకే వస్తుంది. పక్కనున్న బతికిన ఎముక నుంచి కొత్త రక్తనాళాలు లోపలికి పాకుతాయి, చచ్చిన ఎముకను కరిగించే కణాలు వస్తాయి, వాటి వెనకే కొత్త ఎముకను పేర్చే కణాలు వస్తాయి. కరిగించే పని వేగంగా సాగుతుంది, పేర్చే పని నెమ్మదిగా నడుస్తుంది. పుచ్చిన దూలాన్ని పీకేసి, కొత్తది ఎత్తేలోపే పెంకుటింటి కప్పు కూలినట్టు, ఈ రెండు పనుల నడుమ మృదులాస్థి కింది ఎముక బలహీనపడి చిట్లుతుంది. తల గుండ్రదనం పోతుంది. ఆ తర్వాత అది ఆనుకుని తిరిగే గుంట కూడా అరగడం మొదలవుతుంది.

సాధారణంగా దెబ్బతినేది తల పైభాగంలోని నడిమి చోటు. చెయ్యిని పక్కకు 60 నుంచి 90 డిగ్రీల దాకా లేపినప్పుడు గుంటకు గట్టిగా ఒత్తుకునేది ఆ చోటే. భుజం బరువు మోసే కీలు కాదని అంటారు గానీ, చెయ్యిని భుజం ఎత్తుకు లేపినప్పుడు కండరాల లాగుడు వల్ల కీలు మీద పడే ఒత్తిడి దాదాపు మనిషి బరువుకు దగ్గరగా వస్తుందని 1970లలోనే లెక్కగట్టారు. జడ వేసుకోవడం, అటక మీది డబ్బా దించడం, బస్సులో పైకమ్మీ పట్టుకుని నిలబడటం లాంటి పనుల్లో నొప్పి ముందుగా తెలియడానికి కారణం ఇదే.

కారణాల్లో ఎముక విరగడం ఒక తెగ, తక్కినవన్నీ మరో తెగ. బైకు మీద నుంచి పడ్డ కుర్రవాళ్లలో, బాత్రూంలో జారిపడ్డ పెద్దవయసు ఆడవాళ్లలో భుజం తల దగ్గర ఎముక మూడు నాలుగు ముక్కలైతే రక్తనాళాలు తెగుతాయి. తలకు రక్తం ఆగిపోయే అవకాశం ఎంతో ముందుగా అంచనా వేయడానికి స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు హెర్టెల్, ఆయన సహచరులు 2004లో కొన్ని కొలతలు ఇచ్చారు. విరిగిన తలకు లోపలివైపు అంటుకుని ఉన్న ఎముక తోక 8 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉండి, లోపలి అంచు 2 మిల్లీమీటర్లకు మించి జరిగి ఉంటే ప్రమాదం ఎక్కువ. అయితే రక్తం ఆగిన ప్రతి తలా కుంగిపోదు. చాలామందిలో కొత్త నాళాలు అల్లుకుని అది నిలదొక్కుకుంటుంది. అతుకు సరైన స్థితిలో పడితే, కొంత భాగం చచ్చినా చెయ్యి బాగానే పనిచేసేవాళ్లూ ఉన్నారు. ప్లేటు, స్క్రూలు వేయించుకున్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. తల కుంగితే లోపలున్న స్క్రూల మొనలు బయటికి పొడుచుకొచ్చి గుంటను గీరేస్తాయి. ఆపరేషన్ తర్వాత బాగా తిరిగిన చెయ్యి కొన్ని నెలలకో, రెండు మూడేళ్లకో మళ్లీ నొప్పిపెట్టి లోపల గరగరమంటే వెంటనే ఎక్స్‌రే తీయించాలి.

దెబ్బ తగలకుండా వచ్చే ఏవీఎన్‌కు మొట్టమొదటి కారణం స్టెరాయిడ్లు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటివి ప్రాణాలు నిలిపే మందులు. లూపస్, తీవ్రమైన ఆస్తమా, కిడ్నీ మార్పిడి రోగులకు వాటికి బదులు దొరకడం కష్టం. ఇవి ఎక్కువ మోతాదులో వాడినప్పుడు మూలుగలోని కొవ్వు కణాలు ఉబ్బి, గట్టి గోడల మధ్య ఒత్తిడి పెరిగి సన్నని నాళాలు నలిగిపోతాయి. కొవ్వు రేణువులు, చిన్న రక్తపు గడ్డలు వాటిలో అడ్డుపడతాయి. ఎముక కణాలు నేరుగానూ దెబ్బతింటాయి. తుంటి ఏవీఎన్‌ను స్టెరాయిడ్ల ఖాతాలో వేయడానికి అంతర్జాతీయ నిపుణులు 2019లో ఒక హద్దు గీశారు: మూడు నెలల వ్యవధిలో ప్రెడ్నిసొలోన్ లెక్కన 2 గ్రాములు దాటిన మోతాదు. అంటే రోజుకు సుమారు 22 మిల్లీగ్రాములు. భుజానికి విడిగా అలాంటి హద్దు లేకపోయినా, జరిగే ప్రక్రియ ఒకటే కాబట్టి ఆ అంకె ఇక్కడా ఉపయోగపడుతుంది.

కొవిడ్ కాలాన్ని ఈ అంకెతో కొలిచి చూడవచ్చు. ఆక్సిజన్ అవసరమైన రోగులకు ప్రామాణికంగా ఇచ్చింది రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, గరిష్ఠంగా పది రోజులు. ప్రెడ్నిసొలోన్‌లోకి మారిస్తే అది మొత్తం 400 మిల్లీగ్రాములు, ఆ హద్దుకు చాలా దిగువ. అంతకు రెట్టింపులు, మూడింతలు, వారాల తరబడి వాడిన చోట ఎముకలకు ముప్పు పెరిగింది. అయితే మనుషులందరి శరీరం ఒక్కలా స్పందించదు. హద్దు లోపలే ఉన్నవాళ్లకూ జబ్బు రావచ్చు. కొవిడ్ తర్వాత తుంటి ఏవీఎన్ వచ్చిన ముగ్గురి గురించి ముంబై వైద్యులు 2021లోనే ప్రచురించారు. మన పల్లెల్లో దీనికి మరో రూపం ఉంది. కీళ్లనొప్పులకనీ, ఆయాసానికనీ, ఒళ్లు చేయాలనీ పేరు తెలియని చిన్న బిళ్లలు నెలల తరబడి మింగేవాళ్లున్నారు. ఒకసారి రాసిన చీటీతోనే మందుల షాపులో మళ్లీ మళ్లీ కొంటుంటారు. అందులో ఉన్నది స్టెరాయిడ్ అన్న సంగతే వాళ్లకు తెలియదు కాబట్టి, వైద్యుడు అడిగినా లేదనే చెబుతారు. బిళ్లల అట్టను దాచి తీసుకువెళ్లడం ఒక్కటే ఇందుకు మార్గం. అలాగని భయపడి స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేయడం మరింత ప్రమాదం. చాలాకాలం వాడిన శరీరంలో అడ్రినల్ గ్రంథులు తమ పని మరిచిపోయి ఉంటాయి. హఠాత్తుగా మానితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మోతాదు తగ్గించడమైనా, మందు మార్చడమైనా రాసిన వైద్యుడి చేతుల మీదుగానే జరగాలి.

మద్యానిది తర్వాతి స్థానం. అదే 2019 నాటి ప్రమాణాల్లో దీనికీ హద్దు ఉంది: ఆరు నెలలకు మించి, వారానికి 400 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ శుద్ధ ఆల్కహాల్. మన దగ్గర దొరికే 42.8 శాతం విస్కీ, బ్రాందీల్లో 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో ఉండే ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. వారానికి అయిదు క్వార్టర్లు దాటితే ఆ హద్దు మీరినట్టే.

సికిల్ సెల్ వ్యాధి గురించి తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆదిలాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు వంటి జిల్లాల ఆదివాసీ గూడేల్లో ఈ వంశపారంపర్య రక్తవ్యాధి ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, బిరుసెక్కి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకల చివర్లలో ఇది పదేపదే జరిగితే తుంటి, భుజం రెండూ దెబ్బతింటాయి. ఈ రోగులకు ఒళ్లునొప్పులు తరచూ వస్తుంటాయి కనుక, భుజం నొప్పిని కూడా ఆ లెక్కలోనే కలిపేసి నొప్పిమందు ఇచ్చి పంపడం జరుగుతుంది. నొప్పి దాడి తగ్గాక కూడా ఒకే భుజం వారాల తరబడి సలుపుతుంటే అది వేరే సంగతి అని గుర్తించాలి. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మొదలుపెట్టిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. రక్తపరీక్షలో వ్యాధి తేలినవాళ్లకు కీళ్ల పరీక్ష కూడా చేస్తే, ఇరవైల్లోనే చెయ్యి పైకెత్తలేక కూలిపని పోగొట్టుకునే యువకుల సంఖ్య తగ్గుతుంది.

మిగిలిన కారణాలు అరుదు. సముద్రం లోతుల నుంచి వేగంగా పైకి వచ్చే డైవర్లకు, ఒత్తిడిగాలి నింపిన సొరంగాల్లో పనిచేసేవాళ్లకు రక్తంలో నైట్రోజన్ బుడగలు ఏర్పడి ఎముక చచ్చిపోతుంది. జర్మనీలో హాంబర్గ్ నగరంలోని ఎల్బే సొరంగం తవ్విన కార్మికుల్లో ఇలాంటి కీళ్ల దెబ్బను 1911 ప్రాంతంలోనే వైద్యులు రాసిపెట్టారు. కేన్సర్‌కు ఇచ్చే రేడియేషన్, గోషే అనే ఎంజైమ్ లోపం కూడా కారణం కావచ్చు. ఎంత వెతికినా కారణం దొరకని కేసులూ కొన్ని ఉంటాయి.

నొప్పి సాధారణంగా నెమ్మదిగా మొదలవుతుంది. ఫలానా రోజు మొదలైందని రోగి చెప్పలేడు. లోతుగా, ఎముకలో సలిపినట్టుగా ఉండి మోచేతి దాకా పాకుతుంది, రాత్రి పక్క మీద ఎక్కువవుతుంది. బిగుసుకుపోయిన భుజానికీ దీనికీ తేడా పరీక్ష బల్ల దగ్గరే కొంత తెలుస్తుంది. మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని వైద్యుడు మెల్లగా బయటికి తిప్పుతాడు. బిగుసుకుపోయిన భుజంలో (ఫ్రోజెన్ షోల్డర్) అది గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. ఏవీఎన్ తొలిదశలో నొప్పి ఉన్నా చెయ్యి దాదాపు పూర్తిగా తిరుగుతుంది. రోగి తనంతట తాను లేపలేనంత ఎత్తుకు వైద్యుడు లేపగలుగుతాడు. జబ్బు ముదిరి తల కుంగాక టక్కుమనే చప్పుడు, మధ్యలో ఇరుక్కుపోవడం, చివరికి నిజమైన బిగుతు వస్తాయి. అప్పటికి రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తాయి. మన దేశంలో భుజం కీలుకు వచ్చే క్షయను కూడా మరవకూడదు. చీము లేకుండా ఎముకను తినేసే పొడి రకం క్షయ భుజంలోనే ఎక్కువ కనిపిస్తుంది, అదీ బిగుసుకున్న భుజంలాగే నటిస్తుంది.

తొలి పరీక్ష ఎక్స్‌రేనే. కానీ మొదటి దశలో అది మామూలుగానే ఉంటుంది. ఈ జబ్బు ఇన్ని నెలలు దాగి ఉండటానికి ప్రధాన కారణం అదే. ఎంఆర్ఐలో మాత్రం ఆ దశలోనే చచ్చిన భాగం చుట్టూ నల్లటి గీత, దాన్ని అంటిపెట్టుకుని లోపలివైపు తెల్లటి గీత జంటగా కనిపిస్తాయి. చచ్చిన ఎముకకూ, దాన్ని బాగుచేయడానికి వచ్చిన కొత్త కణజాలానికీ మధ్య సరిహద్దు అది. ఎంఆర్ఐని మించిన నమ్మకమైన పరీక్ష ఇంకొకటి లేదు. ఏవీఎన్‌ను పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు. రక్తపరీక్షలు చేసేది ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవడానికి, సికిల్ సెల్ వంటి మూలకారణాన్ని వెతకడానికి. భుజం నొప్పితో వచ్చిన ప్రతివారికీ ఎంఆర్ఐ అక్కర్లేదు. స్టెరాయిడ్లు, మద్యం, సికిల్ సెల్, పాత ఎముక విరుపు, తుంటి ఏవీఎన్ వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఎక్స్‌రే బాగుందన్న మాటతో ఆగకూడదు.

దశలను విడదీయడానికి కెనడా వైద్యుడు క్రూయెస్ 1970లలో చెప్పిన అయిదు మెట్లనే ఇప్పటికీ వాడుతున్నారు. మొదటి దశలో ఎంఆర్ఐలో తప్ప ఎక్కడా తెలియదు. రెండో దశలో ఎక్స్‌రేలో మచ్చలు, గట్టిపడిన చారలు కనిపిస్తాయి, తల గుండ్రంగానే ఉంటుంది. మూడో దశలో మృదులాస్థి కింద నెలవంక ఆకారపు సన్నని నల్లగీత పడుతుంది. ఎముక లోపల చిట్లిందనడానికి అది గుర్తు. నాలుగులో తల కుంగుతుంది, అయిదులో గుంట కూడా అరిగిపోతుంది. చికిత్స అంతా ఈ నెలవంకకు ముందా, తర్వాతా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు అయితే తలను కాపాడుకునే ప్రయత్నం చేయవచ్చు. మూలకారణాన్ని సరిదిద్దడం, చెయ్యిని భుజం ఎత్తు దాటి లేపే బరువు పనులు మానడం, నొప్పిమందులు, చెయ్యిని వేలాడదీసి మెల్లగా ఊపే వ్యాయామాలు మొదట ఇస్తారు. కట్టు కట్టి చెయ్యిని నెలల తరబడి కదపకుండా ఉంచడం తప్పు. అప్పుడు జబ్బుకు తోడు బిగుతు కూడా చేరుతుంది. ఎముక కరగడాన్ని తగ్గించే అలెండ్రొనేట్ వంటి మందులను కొందరు వైద్యులు ఇస్తారు. వాటి మీద పరిశోధన ఎక్కువగా తుంటిలో జరిగింది, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు.

తొలి దశల్లో ఎక్కువగా చేసే ఆపరేషన్ కోర్ డీకంప్రెషన్. పేరు పెద్దదైనా పని చిన్నదే. రోగికి మత్తు ఇచ్చి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద ఎముకను చూస్తూ, భుజం బయటివైపు చిన్న గాటు పెట్టి సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న సూదిని ఎముక గుండా చచ్చిన చోటులోకి పంపుతారు. భుజం కొనకు సుమారు 5 సెంటీమీటర్ల దిగువన అడ్డంగా పోయే నరానికి తగలకుండా చూసుకోవడం ఇందులో ముఖ్యం. మృదులాస్థికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో సూదిని ఆపేసి, వెనక్కి తీసి, అదే గాటు నుంచి దిశ మార్చి మళ్లీ పంపుతారు. లోపలి ఒత్తిడి తగ్గుతుంది, ఆ దారుల వెంట కొత్త రక్తనాళాలు చొరబడతాయి. నొప్పి చాలామందికి త్వరగానే తగ్గుతుంది. నొప్పి తగ్గింది కదా అని వెంటనే బరువులెత్తితే రంధ్రాలు పడిన ఎముక విరిగే ప్రమాదం ఉంది కాబట్టి కొన్ని వారాలు జాగ్రత్త తప్పదు. ఒకటి, రెండు దశల్లో దీని ఫలితాలు బాగుంటాయి, మూడో దశలో తగ్గుతాయి, నాలుగు దాటాక చేసి లాభం లేదు. రోగి తుంటి ఎముక నుంచి తీసిన మూలుగను చిక్కబరిచి అదే దారిలో ఎక్కించే పద్ధతి కూడా ఉంది. దాన్ని వాడే నిపుణులున్నా, భుజం విషయంలో ఆధారాలు ఇంకా తక్కువే. ఒక్క ఇంజెక్షన్‌తో చచ్చిన ఎముక బతుకుతుందనే ప్రకటనలు నమ్మి డబ్బు పోసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. డబ్బుకంటే పెద్ద నష్టం, నెలవంక గీత పడకముందున్న విలువైన నెలలు అందులో గడిచిపోవడం.

తల కుంగాక మిగిలేది కీలు మార్పిడి. భుజానికి కృత్రిమ కీలు మొదట పెట్టింది పారిస్ వైద్యుడు జూల్ పేయాఁ, 1893లో, క్షయ తినేసిన భుజానికి. చార్లెస్ నీర్ అనే అమెరికన్ వైద్యుడు 1950లలో లోహపు తలను తయారుచేసి, ముక్కలైన భుజాలకు అమర్చాడు. నేటి కృత్రిమ భుజాలకు అదే పునాది. గుంట ఇంకా బాగుంటే తలను మాత్రమే మారుస్తారు, లేదా దాని మీద లోహపు తొడుగు వేస్తారు. గుంట కూడా అరిగితే అక్కడ ప్లాస్టిక్ గిన్నె అమర్చి పూర్తి మార్పిడి చేస్తారు. ఆ ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతుంది. ముప్పై, నలభై ఏళ్ల రోగి విషయంలో శస్త్రవైద్యులు తటపటాయించేది అందుకే. చెయ్యిని లేపే కండరాల స్నాయువులు చినిగిపోయిన పెద్ద వయసువారికి, గిన్నెను బంతిగా, బంతిని గిన్నెగా తిప్పి అమర్చే రివర్స్ మార్పిడి పనికొస్తుంది. దాన్ని ఫ్రెంచి వైద్యుడు పాల్ గ్రామోఁ 1980లలో రూపొందించాడు. సికిల్ సెల్ రోగికి ఏ ఆపరేషన్ చేసినా ముందుగా రక్తం ఎక్కించాల్సిన అవసరాన్ని రక్తవ్యాధుల నిపుణుడితో మాట్లాడి తేల్చుకోవాలి. శరీరంలో నీరు, ఆక్సిజన్, వెచ్చదనం తగ్గకుండా చూడాలి.

తుంటితో పోలిస్తే భుజం ఒక విషయంలో ఓర్పు గలది. గుంట లోతు తక్కువ కావడం వల్ల, రెక్క ఎముక కూడా వీపు మీద జరుగుతూ చేతికి కదలిక ఇవ్వడం వల్ల, తల కొంత కుంగినా చాలామంది రోజువారీ పనులు నెట్టుకొస్తారు. ఆ ఓర్పే ఆలస్యానికి కూడా కారణమవుతోంది. దెబ్బ తగలకుండా భుజం ఏవీఎన్ వచ్చినవాళ్లలో చాలామందికి రెండో భుజంలోనో, తుంటిలోనో, మోకాలిలోనో కూడా జబ్బు ఉంటుంది. తుంటి ఆపరేషన్ తర్వాత చేతికర్రలతో నడిచేవాళ్ల ఒంటి బరువంతా నెలల తరబడి భుజాల మీదే పడుతుంది. అందుకే స్టెరాయిడ్ల వల్లనో, మద్యం వల్లనో, సికిల్ సెల్ వల్లనో తుంటి ఏవీఎన్ ఉందని తేలినవాళ్లు, భుజంలో కొద్దిపాటి సలుపున్నా సరే, కర్రలు పట్టకముందే భుజాలకు కూడా ఎంఆర్ఐ తీయమని వైద్యుణ్ని అడగాలి.